స్కాన్‌లో మెడ క్లీన్ అన్నారు, మరి మెడ ఆపరేషన్ ఎందుకు? నోటి కేన్సర్ మొదట్లో ఏది ఎంచుకోవాలి

నాలిక పక్కన పుండు, ముక్క తీసి పరీక్షకి పంపితే కేన్సర్ అని వచ్చింది, సైజు చూస్తే చిన్నదే, రెండు సెంటీమీటర్లు కూడా లేదు, సీటీ తీస్తే మెడలో ఏమీ లేదన్నారు. ఇంట్లో అందరికీ కాస్త ధైర్యం వస్తుంది. అంతలో సర్జన్ గారు "పుండుతో పాటు మెడలో బిళ్ళలు కూడా తీసేద్దాం" అంటారు, బిళ్ళలంటే లింఫ్ గ్రంథులు, ఇక మొదలు, స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా మళ్ళీ మెడ కోయడం ఎందుకు, బిల్లు పెంచడానికా, ఇంకో చోట చూపిద్దామా, పెట్ సీటీ తీయిస్తే తేలిపోతుంది కదా అని బాబాయి ఒకటి, బావగారు ఒకటి, తలో మాట.

నేను పాథాలజీ ల్యాబ్ వైపు మనిషిని. ఆపరేషన్ నేను చెయ్యను, తీసింది మాత్రం నా టేబుల్ మీదకే వస్తుంది. అందుకని ఈ డౌట్ అడిగిన ప్రతి ఒక్కరికీ ముందు ఒకటే చెప్తా: స్కాన్‌లో మెడ క్లీన్ అంటే అందులో కేన్సర్ లేదని కాదు, స్కాన్‌కి కనపడేంత పెద్దది లేదని. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు చిన్న సైజు నోటి కేన్సర్ ఉండి, మెడలో ఏ గడ్డా లేదనుకున్న వాళ్ళకి ముందే మెడ బిళ్ళలు తీసి చూస్తే దాదాపు 30 శాతం మందికి అందులో కేన్సర్ దొరికింది. అంటే ముగ్గురిలో ఒకరికి కొంచెం తక్కువ. నోటి కేన్సర్‌లో మెడ బిళ్ళకి పాకితే బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది అని డాక్టర్లు ఎప్పట్నుంచో చెప్పే మాట, అందుకే ఈ దాక్కున్న దాని గురించి ఇంత గొడవ.

ఇక్కడ నేను మాట్లాడేది టీ1, టీ2 అనే చిన్న కేన్సర్ల గురించి, నాలిక, బుగ్గ లోపల, నాలిక కింద భాగం ఇలాంటి చోట్ల వచ్చేవి, మెడ తడిమితే ఏమీ తగలని వాళ్ళకి. ఆల్రెడీ మెడలో గడ్డ ఉంటే ఈ పోలిక అక్కర్లేదు, మెడ ఆపరేషన్ ఎలాగూ ఉంటుంది.

స్కాన్లు: ఏది ఎంత వరకు పట్టుకుంటుంది

చేత్తో తడమడం అందరికంటే ముందు, ఫ్రీ కూడా, కానీ సెంటీమీటర్ దగ్గరకి రాని బిళ్ళ వేలికి తగలడం కష్టం, మెడ లావుగా ఉన్న వాళ్ళకైతే ఇంకా కష్టం. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

సీటీలో ఒక బిళ్ళని అనుమానించాలంటే మామూలుగా దాని చిన్న కొలత 10 మి.మీ. దాటి ఉండాలి, లేకపోతే మధ్యలో కుళ్ళినట్టు నల్లగా కనపడాలి, లేకపోతే చిక్కుడు గింజ షేపు పోయి గుండ్రంగా అయ్యుండాలి. ఎమ్మారైది కూడా ఇంచుమించు ఇదే కథ, కాకపోతే నాలిక కండలోకి కేన్సర్ ఎంత దిగిందో అది బాగా చూపిస్తుంది. ఇప్పుడు సమస్య ఏంటంటే మొదట్లో బిళ్ళలోకి చేరే కేన్సర్ కణాల గుంపు 2 మి.మీ. కూడా ఉండకపోవచ్చు, దాన్నే మైక్రోమెటాస్టాసిస్ అంటారు, అది ఉన్న బిళ్ళ బయటికి మామూలు బిళ్ళలాగే 6, 7 మి.మీ. సైజులో ఏ వంకా లేకుండా ఉంటుంది. సైజు చూసి పట్టుకునే మిషన్‌కి సైజే మారని బిళ్ళ ఎలా దొరుకుతుంది?

అందుకే అందరూ పెట్ సీటీ అంటారు, అది సైజు కాదు చక్కెర ఎంత తాగుతుందో చూస్తుంది కదా, చిన్నదైనా మెరుస్తుంది కదా అని. మెరుస్తుంది, కానీ 4, 5 మి.మీ. కంటే చిన్న గుంపు దానికీ సరిగ్గా కనపడదు. 2012లో వచ్చిన ఒక మెటా ఎనాలిసిస్‌లో, మెడలో పైకి ఏమీ తెలియని తల, మెడ కేన్సర్ వాళ్ళ మీద చేసిన స్టడీలన్నీ కలిపి చూస్తే, నిజంగా కేన్సర్ ఉన్న మెడల్ని సీటీ 52 శాతం, ఎమ్మారై 65, పెట్ 66, అల్ట్రాసౌండ్ 66 శాతం పట్టుకున్నాయి. ఇంత ఖరీదైన పెట్‌కి, గల్లీ చివర సెంటర్‌లో ఉండే అల్ట్రాసౌండ్‌కి ఈ విషయంలో పెద్ద తేడా లేదు చూడండి. అల్ట్రాసౌండ్ గొడవ ఏంటంటే లేని చోట కూడా ఉంది అనే అలవాటు ఎక్కువ, సీటీ ఆ తప్పు తక్కువ చేస్తుంది.

అమెరికాలో ఏసీఆర్ఐఎన్ 6685 అని ఒక పెద్ద స్టడీ చేశారు, 2019లో రిజల్ట్ వచ్చింది, అందులో పెట్ చూసి మెడ క్లీన్ అన్న వాళ్ళలో దాదాపు 87 శాతం మందికి నిజంగానే క్లీన్. మిగతా 13 శాతం సంగతో? అంటే పెట్ పనికిరాదని కాదు, పెద్ద కేన్సర్ అయినా, ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందేమో అన్న అనుమానం ఉన్నా, మెడలో గడ్డ ఉండి అసలు కేన్సర్ ఎక్కడుందో దొరక్కపోయినా అది బంగారం లాంటి టెస్టు. కానీ రెండు సెంటీమీటర్ల నాలిక పుండుకి "మెడ ఆపరేషన్ అక్కర్లేదు" అని చెప్పించుకోడానికి పదో ఇరవయ్యో వేలు పోసి పెట్ తీయించడం మాత్రం దండగ అని నా అభిప్రాయం, ఎందుకంటే అది క్లీన్ అని వచ్చినా సర్జన్ మాట మారదు, మారకూడదు కూడా.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. టీబీ. మెడ బిళ్ళల టీబీ మన దేశంలో ఎంత కామనో తెలిసిందే, అది కూడా పెట్‌లో దగదగా మెరుస్తుంది. గుట్కా, ఖైనీ వేసే వాళ్ళకి పళ్ళు పుచ్చి, చిగుళ్ళు వాచి ఉంటాయి, ఆ ఇన్‌ఫెక్షన్‌కి దవడ కింద బిళ్ళలు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి, ముక్క పరీక్ష చేసిన నాలుగు రోజులకో, పన్ను పీకిన వారానికో స్కాన్ తీస్తే మరీను. రిపోర్టులో "అనుమానాస్పదంగా ఉంది" అని ఒక లైన్ రాస్తారు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

అలాంటప్పుడు పనికొచ్చేది అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తూ చేసే సూది పరీక్ష. స్కానింగ్‌లో బిళ్ళ కనపడుతుంటే సూది దాంట్లోకే వెళ్ళిందని తెలుస్తుంది, చవక, కోత లేదు, అరగంట పని. పాజిటివ్ వస్తే గట్టి సాక్ష్యం. నెగెటివ్ వస్తే? సూది తాకిన చోట లేదు, అంతే. ఇంకో బిళ్ళలో ఉందేమో, అదే బిళ్ళలో ఇంకో మూల ఉందేమో అది చెప్పదు. దీన్ని చేసే చెయ్యి కూడా ముఖ్యం, బాగా చేసే రేడియాలజిస్ట్ దొరికితే అదృష్టం.

రక్త పరీక్షతో పట్టుకోవడం, కంప్యూటర్‌కి స్కాన్ బొమ్మలు నేర్పించి చెప్పించడం లాంటివి రీసెర్చ్‌లో చాలా నడుస్తున్నాయి. మీ ఇంట్లో మనిషికి వచ్చే వారం ఆపరేషన్ ఉంటే వాటి గురించి ఇప్పుడు ఆలోచించకండి.

అసలు చూడాల్సిన నంబర్ లోతు

ఇంటి వాళ్ళు సైజు గురించే అడుగుతారు, ఎన్ని సెంటీమీటర్లు అని. మెడకి పాకిందా లేదా అన్న దానికి సైజు కంటే లోతు ముఖ్యం. కేన్సర్ స్టేజీలు ఎలా లెక్కకట్టాలో చెప్పే అమెరికా కమిటీ ఏజేసీసీ, దాని పుస్తకం 2018 నుంచి వాడుతున్న ఎనిమిదో ఎడిషన్‌లో స్టేజీ లెక్కలోకే లోతుని తెచ్చారు, 2 సెంటీమీటర్ల లోపు ఉండి లోతు 5 మి.మీ. దాటకపోతేనే టీ1, సైజు చిన్నదే అయినా లోతు 5 దాటితే టీ2కి పోతుంది, 10 దాటితే టీ3 అయి కూర్చుంటుంది.

లోతు ఎలా కొలుస్తారంటే పక్కనున్న మామూలు పొర అడుగు భాగం ఎక్కడుందో అక్కడ ఒక గీత అనుకుని, అక్కణ్ణుంచి కిందకి కేన్సర్ ఎంత దూరం దిగిందో అది. పుండు పైకి ఉబ్బినదంతా ఇందులోకి రాదు. అందుకే కాలీఫ్లవర్ లాగా పైకి పెరిగి భయంకరంగా కనపడేది ఒక్కోసారి లోతు తక్కువ ఉంటుంది, చదునుగా చిన్న పగులు లాగా ఉండేది లోపలికి బోరు వేసినట్టు దిగి ఉంటుంది. రిపోర్టులో మందం వేరు, లోతు వేరు, రెండూ ఒకటే అనుకోకండి.

చిక్కు ఏంటంటే ఆపరేషన్‌కి ముందు ఈ లోతు కరెక్ట్‌గా తెలీదు. బయాప్సీ అని మాకు వచ్చేది మినప్పప్పు బద్దంత ముక్క, కేన్సర్ ఆ ముక్క అడుగు దాకా ఉంటే "కనీసం ఇంత" అని మాత్రమే రాయగలం. ఎమ్మారైలో అంచనా వస్తుంది, నోట్లో పెట్టే చిన్న ప్రోబ్‌తో అల్ట్రాసౌండ్ చేసినా వస్తుంది, కానీ గుట్కా వల్ల నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోని వాళ్ళకి ఆ ప్రోబ్ ఎలా పెడతారు. అనుభవం ఉన్న సర్జన్ వేలితో నొక్కి గట్టిదనం ఎంత లోపలికి ఉందో చెప్తారు, అది కూడా తీసిపారేసేది కాదు.

మామూలుగా పాటించే లెక్క ఇదీ: లోతు 2 మి.మీ. లోపే అయితే మెడ జోలికి పోరు, 4 దాటితే చెయ్యమని దాదాపు అందరూ అంటారు, ఆ మధ్యలో ఉన్నప్పుడు మిగతావి చూస్తారు. నరం చుట్టూ పాకిందా, రక్తనాళాల్లోకీ లింఫ్ నాళాల్లోకీ దూరిందా, కేన్సర్ ముందుకు వెళ్ళేటప్పుడు ఒక గోడలా వెళ్తుందా లేక విడివిడి కణాలుగా చెదిరిపోతూ వెళ్తుందా, ఇవన్నీ పాథాలజీ రిపోర్టులో రాసి ఉంటాయి. దాక్కున్న కేన్సర్ ఉండే అవకాశం 20 శాతం దాటితే మెడ వదలొద్దు అనే రూలు 1994 నుంచి నడుస్తోంది, ఇప్పుడు ఆ గీతని ఇంకా కిందకి దించాలి అనే వాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు మూడు దార్లు

ఒకటి, పుండు మాత్రం తీసి మెడని కనిపెట్టుకుని ఉండటం, గడ్డ కనపడితే అప్పుడు ఆపరేషన్. రెండు, పుండుతో పాటే మెడ పై భాగం బిళ్ళలు తీసేయడం. మూడు, సెంటినెల్ బయాప్సీ, అంటే కేన్సర్ ముందుగా చేరే ఒకటి రెండు బిళ్ళల్ని వెతికి పట్టుకుని అవి మాత్రం తీసి చూడటం.

మొదటి రెండిటి మధ్య గొడవ చాలా ఏళ్ళు నడిచింది, తేల్చింది మన దేశం వాళ్ళే. 2004 నుంచి 2014 దాకా టాటా మెమోరియల్‌లో చేరిన పేషెంట్ల మీద చేసిన ట్రయల్ 2015లో వచ్చింది, ముందు 500 మంది లెక్క చూశారు. మూడేళ్ళకి, ముందే మెడ చేసిన వాళ్ళలో 80 శాతం మంది బతికున్నారు, కనిపెట్టుకుని ఉన్న వాళ్ళలో 67.5 శాతం. కేన్సర్ తిరగబెట్టకుండా ఉన్న వాళ్ళు 69.5 శాతం, ఇటు 45.9. ఇంకోలా చెప్పాలంటే ఎనిమిది మందికి ముందే మెడ చేస్తే ఒక ప్రాణం ఎక్కువ నిలబడింది. ఇది చిన్న తేడా కాదు. పైగా ఇవతల గ్రూపు వాళ్ళని గాలికి వదిలేయలేదు, మొదట్లో నెల నెలా పిలిచి మెడ చూశారు. అయినా గడ్డ తగిలేసరికే చాలామందికి ఆలస్యం అయిపోయింది, బిళ్ళ గోడ పగిలి కేన్సర్ బయటికి వచ్చేసింది.

ఆ ట్రయల్ గురించి రెండు విషయాలు ఎవరూ చెప్పరు. ఒకటి, లోతు 3 మి.మీ. లోపు ఉన్న వాళ్ళకి లాభం స్పష్టంగా కనపడలేదు. రెండు, అందులో ఉన్న వాళ్ళు చాలా వరకు నాలిక కేన్సర్ వాళ్ళు, కొంతమంది బుగ్గ. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట మండే కొన నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే కేన్సర్ ఉంది చూడండి, దానికి ఈ నంబర్లు ఉన్నవి ఉన్నట్టు అప్పచెప్పకూడదు, అది సర్జన్ విడిగా ఆలోచించాల్సిన కేసు.

ఇంత లాభం ఉన్నప్పుడు అందరికీ మెడ చేసేస్తే పోలా అంటే, 30 మందికి దొరికింది సరే, మిగతా 70 మందికి ఏమీ లేకుండానే మెడ కోశాం కదా. దాని ఖరీదు భుజం. మెడలో ఒక నరం ఉంటుంది, భుజం పైకి ఎత్తే కండకి వెళ్ళేది, దాన్ని జాగ్రత్తగా కాపాడినా కదిపినందుకే కొన్ని నెలలు భుజం బిగుసుకుపోతుంది, తల దువ్వుకోవడం, పై అరలో డబ్బా అందుకోవడం కష్టం. కింద పెదవి ఒక పక్క కొంచెం వాలడం, చెవి కింద తిమ్మిరి, ఇవీ ఉంటాయి. చాలా వరకు తగ్గుతాయి, ఫిజియోథెరపీ మొదటి రోజుల నుంచే మొదలుపెడితే. డిశ్చార్జ్ చీటీలో రాసి వదిలేస్తారు, ఎవరూ చేయించరు, అదే మన దరిద్రం.

సెంటినెల్ బయాప్సీ: బాగుంటుంది, కానీ ఎక్కడ చేస్తున్నారో చూడాలి

పుండు చుట్టూ రేడియోధార్మిక మందు, టెక్నీషియం అంటారు, నాలుగు చోట్ల కొంచెం కొంచెం ఇంజెక్షన్ ఇస్తారు. అది కేన్సర్ కణాలు వెళ్ళే దారిలోనే లింఫ్ నాళాల్లోంచి పోయి మొదటి బిళ్ళలో ఆగుతుంది. గామా కెమెరా కింద ఆ బిళ్ళ చుక్కలా కనపడుతుంది, ఆపరేషన్ థియేటర్‌లో ప్రోబ్ పెట్టి వెతికితే దాని దగ్గర కూత పెడుతుంది, చిన్న కోతతో తీసేస్తారు. ఆకుపచ్చ రంగు మందు వేసి ప్రత్యేకమైన కెమెరాతో చూసే పద్ధతీ ఉంది, దాన్ని టెక్నీషియంతో కలిపి వాడటం మేలు.

ఆ తర్వాత పని మాది, ఈ పద్ధతి నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే అని నా నమ్మకం. మామూలు మెడ ఆపరేషన్‌లో మాకు కొవ్వు ముద్ద వస్తుంది, ఫార్మలిన్‌లో, అరచెయ్యంత. దాన్ని వేళ్ళతో పిసుకుతూ కొవ్వులో గింజల్లా తగిలే బిళ్ళల్ని ఏరాలి, ఇరవయ్యో ముప్పయ్యో వస్తాయి, ఒక్కోదాన్ని మధ్యకి కోసి మైనంలో పెట్టి ఒక స్లైడ్ తీస్తాం. ఆ స్లైడ్ మీద ఉండే పొర మందం 4 మైక్రాన్లు. అంటే 6 మి.మీ. బిళ్ళలో మేం చూసింది ఒక సన్న పొర, మిగతాదంతా మైనంలోనే ఉండిపోతుంది, మైక్రోస్కోపు కింద కూడా దాక్కోవచ్చు అన్నమాట. సెంటినెల్ బిళ్ళకి అలా కుదరదు. మొత్తం బిళ్ళని 150 మైక్రాన్లకి ఒక లెవెల్ చొప్పున చివరిదాకా కోసుకుంటూ పోవాలి, 6 మి.మీ. మందం ఉంటే నలభై లెవెల్స్, పైగా సైటోకెరటిన్ అనే స్టెయిన్ వేస్తే బిళ్ళ అంతా నీలంగా ఉండి ఆ మధ్యలో రెండు మూడు గోధుమరంగు కణాలు కనపడతాయి, మామూలు స్టెయిన్‌లో అయితే వాటిని దాటుకుని వెళ్ళిపోతాం. ఒక రోజంతా పట్టే పని. ఇది చేసే ఓపిక, మనుషులు, డబ్బు లేని ల్యాబ్ ఉన్న చోట సెంటినెల్ అంటే పేరుకి సెంటినెల్, మధ్యకి కోసి ఒక స్లైడ్ చూసి నెగెటివ్ అని రాస్తే అది ఏ ట్రయల్‌లో చెప్పిన సెంటినెల్ కాదు.

సరిగ్గా చేస్తే మాత్రం రిజల్ట్స్ గట్టివే. యూరప్‌లో 14 సెంటర్లలో 415 మంది మీద చేసిన స్టడీ 2015లో వచ్చింది, దాక్కున్న కేన్సర్ ఉన్న వాళ్ళలో 86 శాతం మందిని పట్టుకుంది, నెగెటివ్ అని చెప్తే 95 శాతం నిజం. పైన స్కాన్ల నంబర్లు ఒకసారి మళ్ళీ చూడండి, తేడా తెలుస్తుంది. 2020లో ఫ్రాన్స్ వాళ్ళు మెడ ఆపరేషన్‌తో నేరుగా పోల్చారు, రెండేళ్ళకి మెడలో తిరగబెట్టని వాళ్ళు సెంటినెల్‌లో 90.7 శాతం, మెడ ఆపరేషన్‌లో 89.6, సమానమే, పైగా మొదటి ఆరు నెలల్లో భుజం, మెడ పని తీరు సెంటినెల్ వాళ్ళకే బాగుంది. 2021లో జపాన్ వాళ్ళది కూడా అంతే, మూడేళ్ళకి బతికున్న వాళ్ళు సెంటినెల్‌లో 87.9 శాతం, మెడ ఆపరేషన్‌లో 86.6. ఈ రెండిట్లోనూ సెంటినెల్ పాజిటివ్ వచ్చిన వాళ్ళకి మెడ ఆపరేషన్ చేశారు, అది మర్చిపోవద్దు. సెంటినెల్ అంటే మెడ ఆపరేషన్ తప్పినట్టే అనుకుని వెళ్తే, నలుగురిలో ఒకరికి అటూ ఇటూగా మళ్ళీ థియేటర్‌కి వెళ్ళాల్సి వస్తుంది.

నాలిక కింద, నోటి అడుగు భాగంలో ఉన్న కేన్సర్‌కి ఇది కొంచెం తేడా కొడుతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన చోటుకీ దవడ కింద బిళ్ళకీ దూరం తక్కువ, మందు ఇచ్చిన చోటి వెలుగే బిళ్ళని కప్పేస్తుంది, ప్రోబ్ ఎక్కడ పెట్టినా కూస్తుంది. అక్కడ అంత నమ్మకం పెట్టుకోవద్దు.

ఫ్రోజెన్ గురించి కూడా అడుగుతారు, థియేటర్‌లో ఉండగానే బిళ్ళని గడ్డకట్టించి చూసి చెప్పేస్తారు కదా అని. పెద్ద గుంపు ఉంటే దొరుకుతుంది, మైక్రోమెటాస్టాసిస్‌కి అంత గ్యారంటీ లేదు, గడ్డకట్టించి కోసేటప్పుడు కొంత కణజాలం పోతుంది కూడా. పాజిటివ్ వస్తే రెండో ఆపరేషన్ తప్పుతుంది, నెగెటివ్ వస్తే ఫైనల్ రిపోర్ట్ దాకా ఆగాల్సిందే.

మరి ఎవరికి ఏది

నన్నడిగితే, నాలిక కేన్సర్, లోతు 4 మి.మీ. పైనే అంటున్నారు, మన జిల్లాల్లో ఉండే వాళ్ళు, సెంటినెల్ రెగ్యులర్‌గా చేసే సెంటర్ దగ్గర్లో లేదు: మెడ ఆపరేషన్‌కి ఒప్పుకోండి, ఇంకో స్కాన్ కోసం రెండు వారాలు తిరగొద్దు. చెంప, చిగురు వైపు కేన్సర్‌కి కూడా ఇంచుమించు ఇదే మాట, దాంట్లో పుండు తీయడానికీ, తీసిన చోట కండ అతికించడానికీ ఎలాగూ మెడ తెరవాల్సి వస్తుంది చాలాసార్లు, అలాంటప్పుడు సెంటినెల్‌కి అర్థమే లేదు.

లోతు తక్కువ, రెండు మూడు మి.మీ. మధ్య, పుండు నోట్లోంచే తీసేయొచ్చు, మనిషి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటారు, న్యూక్లియర్ మెడిసిన్, ఆ సర్జన్, ఆ ల్యాబ్ మూడూ ఒకే చోట ఉన్నాయి: సెంటినెల్ అడగొచ్చు, అడగాలి. టైలర్ పని, పెయింటర్ పని, భుజం మీద బతికే వాళ్ళకైతే మరీ. "మీ దగ్గర నోటి కేన్సర్‌కి సెంటినెల్ ఎన్ని చేశారు, ల్యాబ్‌లో బిళ్ళని ఎన్ని లెవెల్స్ చూస్తారు" అని అడగండి, బ్రెస్ట్‌కి చేస్తాం అంటే అది వేరే లెక్క. సర్జన్ ఈ ప్రశ్నకి విసుక్కుంటే అదీ ఒక జవాబే.

కనిపెట్టుకుని ఉండటం అనేది బాగా పైపైన ఉన్న కేన్సర్‌కి సరైన దారే. కానీ నెలకోసారి వచ్చి మెడ చూపించుకునే వాళ్ళకి, కుదిరితే ప్రతిసారీ అల్ట్రాసౌండ్ తీయించుకునే వాళ్ళకి. నాట్లు పడ్డాయి, కూతురి పెళ్ళి ఉంది, నొప్పేం లేదు కదా అని రెండు విజిట్లు ఎగ్గొట్టే మనిషి అని మీకు ముందే తెలిస్తే, లోతు బోర్డర్‌లో ఉన్నా సరే ఆ సంగతి సర్జన్‌కి మొహమాటం లేకుండా చెప్పండి, ఆయన నిర్ణయం దాన్ని బట్టి మారుతుంది. బస్సు ఎక్కి ఐదు గంటలు రావాల్సిన వాళ్ళకీ, ఆటోలో వచ్చే వాళ్ళకీ ఒకే సలహా పనిచెయ్యదు.

రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ హాస్పిటల్ ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళదే హోమీ భాభా హాస్పిటల్ ఉంది, ముంబై దాకా పోనవసరం లేదు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ప్యాకేజీలో ఏం వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అనేది అడ్మిషన్‌కి ముందే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి, స్కాన్లు బయట తీయించాక అడిగితే లాభం లేదు.

ఒక మాట మధ్యలో. "మా పిన్నికి బ్రెస్ట్ కేన్సర్‌కి చంకలో బిళ్ళలు తియ్యలేదు, బానే ఉంది, మీరెందుకు మెడ తీయించుకుంటున్నారు" అని ఎవరో ఒకరు అంటారు. బ్రెస్ట్‌లో నిజంగానే కోత తగ్గుతూ వస్తోంది, 2023లో వచ్చిన సౌండ్ అనే ట్రయల్‌లో 2 సెంటీమీటర్ల లోపు కేన్సర్, చంక అల్ట్రాసౌండ్ క్లీన్ ఉన్న వాళ్ళకి సెంటినెల్ కూడా మానేసినా ఐదేళ్ళకి తేడా రాలేదు. కానీ అక్కడ రొమ్ముకి కరెంటు, అంటే రేడియేషన్ పెడతారు, మాత్రలు ఇస్తారు, అవి దాక్కున్న దాన్ని కూడా చూసుకుంటాయి. చిన్న నోటి కేన్సర్‌కి ఆపరేషన్ తర్వాత మామూలుగా ఏమీ ఇవ్వరు, మెడలో వదిలేస్తే వదిలేసినట్టే. ఆ లెక్క ఇక్కడికి తేవద్దు.

ఆపరేషన్ అయ్యాక రిపోర్ట్ వస్తే

మెడ చేయించుకున్న వాళ్ళు రిపోర్టులో మూడు లైన్లు వెతకండి. మొత్తం ఎన్ని బిళ్ళలు దొరికాయి, 18కి తగ్గకుండా ఉంటే మంచి ఆపరేషన్, మంచి వెతుకులాట అని లెక్క, ఆరో ఏడో అని ఉంటే కొవ్వులో ఇంకా ఉన్నాయేమో చూడమని ల్యాబ్‌ని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఎన్నింటిలో కేన్సర్ ఉంది. బిళ్ళ గోడ దాటి బయటికి వచ్చిందా. గోడ దాటితే కరెంటుతో పాటు కీమో కూడా చెప్తారు, దాటకుండా పాజిటివ్ ఉంటే కరెంటు కావాలా అని మాట్లాడతారు, అది ఏదైనా ఆపరేషన్ అయిన ఆరు వారాల్లో మొదలవ్వాలి, కాబట్టి కుట్లు ఆరే దాకా చూద్దాం అని కూర్చోకుండా రిపోర్ట్ రాగానే రేడియేషన్ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. పళ్ళు పీకించాల్సినవి ఉంటే కరెంటు మొదలయ్యే ముందే పీకించాలి, ఆ పని కూడా ఈ ఆరు వారాల్లోనే.

ఇంకో సెంటర్‌కి వెళ్ళేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే పట్టుకెళ్ళొద్దు, స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, ఒక ఉత్తరం రాసిస్తే ఇస్తారు. డబ్బాలో పెట్టి ఎండ తగలకుండా తీసుకెళ్ళండి, మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెడితే మైనం కరిగి కూర్చుంటుంది.